మీ ఊరి పక్క ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని అనుమతి షరతులు, భూమి పునరుద్ధరణ: మీరే తనిఖీ చేసే పద్ధతి

"మట్టి గుట్ట మా చేల మీదికి వస్తోంది, ఎవరిని అడగాలి?" "గని మూసేశాక గొయ్యి పూడుస్తామన్నారు, ఎప్పుడు పూడుస్తారు?" ఇల్లందు, మణుగూరు, సత్తుపల్లి నుంచి రామగుండం, శ్రీరాంపూర్, భూపాలపల్లి దాకా నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్నలు ఇవే. రెండింటికీ జవాబు కాగితాల్లో అంకెలతో సహా రాసి ఉంటుంది. ఆ కాగితం తెచ్చుకుని, అందులోని అంకెను నేల మీద ఉన్నదానితో పోల్చి చూడటమే ఇక్కడ పని.

ముందు కాగితం, తర్వాత నేల, ఆ తర్వాతే ఫిర్యాదు. ఈ వరస తప్పితే నెలల శ్రమ వృథా అవుతుంది.

## 1. ముందు గనిని సరిగ్గా గుర్తించండి

ఊళ్లో "ఓసీ టూ" (రెండో ఓపెన్‌కాస్ట్) అంటాం. ఫైల్లో దాని పేరు వేరుగా ఉండవచ్చు. విస్తరణ జరిగి ఉంటే ఒకే గనికి రెండు మూడు అనుమతులు ఉంటాయి. రెండు పక్క గనులను కలిపి ఒకే ప్రాజెక్టు చేసిన సందర్భాలూ ఉన్నాయి.

కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా, కంపెనీ పేరుతో వెతకండి. ప్రపోజల్ నంబర్‌లో సీఎంఐఎన్ అనే అక్షరాలుంటే అది బొగ్గు గని పర్యావరణ అనుమతి ఫైలు. ఎఫ్‌పీతో మొదలైతే అటవీ భూమి ఫైలు. పాత అనుమతి లెటర్ల మీద జె-11015 తో మొదలయ్యే ఫైల్ నంబర్ ఉంటుంది. ఆ నంబర్ రాసి పెట్టుకోండి, ఇకపై ప్రతి ఉత్తరంలో అది ఉండాలి.

మీ సర్వే నంబర్ గని హద్దుల్లో ఉందా, బయట ఉందా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. హద్దులో ఉంటే అది భూసేకరణ, పరిహారం వ్యవహారం. బయట ఉంటే దుమ్ము, నీళ్లు, బ్లాస్టింగ్, గుట్ట జారడం లాంటి షరతుల వ్యవహారం. ఈ రెంటినీ ఒకే అర్జీలో కలపకండి.

## 2. ఈ కాగితాలు చేతికి తెచ్చుకోండి

- పర్యావరణ అనుమతి లెటర్, అంటే ఈసీ. విస్తరణలు, సవరణలు ఉంటే అవన్నీ.
- గని ఇచ్చిన చివరి నాలుగు అర్ధ సంవత్సర అమలు రిపోర్టులు.
- ఆమోదం పొందిన మైనింగ్ ప్లాన్, మైన్ క్లోజర్ ప్లాన్.
- నీటి చట్టం 1974, గాలి చట్టం 1981 కింద కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన ఆపరేషన్ సమ్మతి పత్రం.
- అటవీ భూమి ఉంటే స్టేజ్-1 (సూత్రప్రాయ), స్టేజ్-2 (తుది) అనుమతులు.
- ఏటా సెప్టెంబర్ 30 లోపు కాలుష్య మండలికి ఇవ్వాల్సిన పర్యావరణ నివేదిక, ఫారం-5.
- విస్తరణ జరిగి ఉంటే అప్పటి ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్.

ఇందులో సగం ఆర్టీఐ లేకుండానే దొరుకుతుంది. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ఈసీని కంపెనీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి, పంచాయతీకి కాపీ ఇవ్వాలి. పంచాయతీ ఆ కాపీని 30 రోజులు నోటీసు బోర్డులో ఉంచాలి. కాబట్టి ముందు పంచాయతీ కార్యదర్శిని అడగండి. లేదంటే "రాలేదు" అని రాయించుకోండి, అదీ ఒక సాక్ష్యమే. అర్ధ సంవత్సర రిపోర్టులు కూడా ప్రజా పత్రాలే. ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న ఇవ్వాలన్నది నియమం.

క్లోజర్ ప్లాన్ మాత్రం సాధారణంగా ఆన్‌లైన్‌లో దొరకదు. దానికి ఆర్టీఐ వేయాల్సిందే.

## 3. ఈసీ లెటర్‌ను పెన్సిల్ పట్టుకుని చదవండి

మొదటి రెండు పేజీల్లో గని వివరాలుంటాయి: విస్తీర్ణం, ఏడాదికి ఎన్ని మిలియన్ టన్నులు, గని ఆయుష్షు, ఓబీ (బొగ్గు పైనుంచి తవ్వి తీసే మట్టి, రాయి) ఎంత, బయట గుట్టగా ఎంత పోస్తారు, లోపల ఎంత నింపుతారు, చివరికి గొయ్యి ఎంత మిగులుతుంది. చాలామంది ఇది వదిలేసి నేరుగా షరతులకు వెళ్తారు. గొయ్యి విస్తీర్ణం, లోతు ఉండేది ఇక్కడే.

తర్వాత షరతులు. "తగిన చర్యలు తీసుకోవాలి" లాంటి వాక్యాలు ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అంకె, తేదీ, పేరు ఉన్న ప్రతి షరతు కింద గీత గీయండి. తరచుగా కనిపించేవి:

- బయటి ఓబీ గుట్ట గరిష్ఠ ఎత్తు, మొత్తం వాలు. చాలా లెటర్లలో వాలు 28 డిగ్రీలు మించరాదని ఉంటుంది.
- లోపలి గొయ్యిని వెనక నుంచి పూడ్చడం ఏ ఏడాది నుంచి మొదలు కావాలి.
- పైమట్టిని విడిగా కుప్ప పోసి, మొక్కలకే వాడాలి.
- గుట్ట చుట్టూ గార్లాండ్ కాలువ, అడుగున రాతి గోడ, నీళ్లు తేరుకునే చెరువు. కాలువ, సంపు కొలతలు కుండపోత వర్షానికి సరిపడా, పైన 50 శాతం అదనంగా.
- హెక్టారుకు ఎన్ని మొక్కలు. 2,500 అన్న అంకె తరచుగా కనిపిస్తుంది.
- చుట్టుపక్కల బావుల్లో నీటి మట్టం ఏడాదికి నాలుగుసార్లు కొలవాలి.
- బ్లాస్టింగ్ పగటి పూట మాత్రమే.

ఒక నోటు పుస్తకంలో నాలుగు గళ్లు గీయండి: షరతు నంబర్, ఈసీ ఏమంది, రిపోర్టు ఏమంది, మేం ఏం చూశాం. మిగతా పనంతా ఈ గళ్లు నింపడమే. మీ ఈసీలో ఉన్న అంకెలే రాయండి. పక్క గని ఈసీలోవి, నేను ఇక్కడ ఇచ్చినవి రాయకండి.

## 4. క్లోజర్ ప్లాన్, ఎస్క్రో ఖాతా

గని మూసేటప్పుడు కంపెనీ దగ్గర డబ్బు లేదనే సాకు రాకుండా పెట్టిన ఏర్పాటు ఎస్క్రో ఖాతా. గని నడిచినన్నాళ్లూ ఏటా అందులో డబ్బు వేయాలి. బొగ్గు మంత్రిత్వ శాఖ కింద పనిచేసే కోల్ కంట్రోలర్ అనుమతి లేకుండా ఆ డబ్బు బయటికి రాదు.

బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో మొదటి మార్గదర్శకాలు ఇచ్చింది. 2013లో, 2020లో, మళ్లీ 2025 జనవరిలో మార్చింది. అందుకే ప్లాన్ మొదటి పేజీలో ఏ మార్గదర్శకాల కింద ఆమోదించారో చూడండి. పాత లెక్కలో ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు సుమారు 6 లక్షలు. 2020 మార్గదర్శకాల్లో 2019 ఏప్రిల్ ధరల ప్రకారం 9 లక్షలు, భూగర్భ గనికి 1.5 లక్షలు. ఆ తర్వాత టోకు ధరల సూచీతో పెంచుతారు. అంటే 1,000 హెక్టార్ల ఓసీకి ఆ రేటున మూల మొత్తమే 90 కోట్లు. ఇది ఖనిజ హక్కులున్న మొత్తం ప్రాజెక్టు విస్తీర్ణం మీద లెక్క, తవ్విన భూమి మీద మాత్రమే కాదు.

క్లోజర్ రెండు రకాలు. దశలవారీ క్లోజర్ గని నడుస్తుండగానే జరగాలి. చివరి క్లోజర్ బొగ్గు అయిపోయాక. "గని మూసేశాక చూస్తాం" అని ఎవరైనా అంటే ఆ జవాబు చాలదు, ఎందుకంటే ఈ ఐదేళ్లలో పూడ్చాల్సింది ఎన్ని హెక్టార్లో, మొక్కలు నాటాల్సింది ఎన్ని హెక్టార్లో ప్లాన్‌లో పట్టికగా ఉంటుంది. ఆ పట్టిక ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి.

2013 పద్ధతిలో ఐదేళ్లకోసారి, చేసిన పని చూపించి, జమ అయినదాంట్లో 80 శాతం దాకా వెనక్కి తీసుకోవచ్చు. అలా డబ్బు తీసుకున్న గని అయితే ఏ పని చూపించి తీసుకుందో ఆ రిపోర్టు అడగండి. అందులో ఫలానా గుట్ట మీద పని పూర్తయిందని ఉంటే, మీరు నడిచి వెళ్లి చూడాల్సిన గుట్ట అదే.

2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఇంకో మాట చేర్చింది. తవ్వకం ఆపాక ఆ భూమిలో మళ్లీ గడ్డి, పశుగ్రాసం పెరిగేలా చేయాలి. ఆ తర్వాత వచ్చిన ఈసీల్లో ఈ షరతు ఉందో లేదో చూడండి. గొర్రెలు, పశువులు ఉన్న ఇళ్లకు ఇది చాలా విలువైన షరతు.

## 5. ఇంట్లో కూర్చుని ఉపగ్రహ చిత్రాలతో చూడండి

గని లోపలికి వెళ్లకుండానే సగం తనిఖీ అయిపోతుంది. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు వెనక్కి తిప్పి చూడవచ్చు. కోపర్నికస్ బ్రౌజర్‌లో సెంటినెల్-2 చిత్రాలు 2015 నుంచి ఉచితం.

1. ఈసీ మ్యాప్‌లోని హద్దు ప్రకారం గీత గీయండి.
2. ఈసీ వచ్చిన ఏడాది, ఐదేళ్ల తర్వాత, ఈ ఏడాది: మూడు చిత్రాలు తీసుకోండి.
3. ప్రతి చిత్రంలో బయటి గుట్ట, పూడ్చిన భాగం, గొయ్యి, పచ్చదనం విస్తీర్ణం హెక్టార్లలో కొలవండి.
4. క్లోజర్ ప్లాన్ పట్టిక పక్కన ఆ అంకెలు రాయండి.

ఇక్కడ నెల ముఖ్యం. వానలయ్యాక, డిసెంబర్‌లో, గుట్టంతా గడ్డి మొలిచి అడవిలా పచ్చగా కనిపిస్తుంది. ఏప్రిల్‌లో ఆ గడ్డి ఎండిపోయి చెట్లున్న చోటే రంగు మిగులుతుంది. కానీ టేకు అప్పుడు ఆకు రాలుస్తుంది. కాబట్టి రెండు నెలలవీ చూసి, అనుమానం ఉన్న చోటు గుర్తు పెట్టుకుని, నేల మీద తేల్చుకోండి.

గూగుల్ ఎర్త్ చూపించే ఎత్తును మాత్రం నమ్మకండి. ఆ ఎత్తు లెక్క పాత సర్వేది, కొత్తగా పోసిన గుట్ట అందులో ఉండదు.

## 6. నేల మీద కొలవండి

గని హద్దు దాటి వెళ్లకండి. డంపర్లు తిరిగే చోట, బ్లాస్టింగ్ జరిగే చోట ప్రాణాపాయం ఉంది. పైగా అనుమతి లేకుండా వెళితే మీ సాక్ష్యం కాస్తా మీ మీద కేసు అవుతుంది. రోడ్డు మీద నుంచి, మీ పొలం నుంచి, లేదా రాతపూర్వక అనుమతితో అధికారి వెంట వెళ్లి చూడండి.

గుట్ట ఎత్తు. ఫోన్‌లో కోణం చూపించే యాప్ చాలు. గుట్ట పైఅంచు కనిపించే చోట నిలబడి కోణం చూడండి. మీరున్న చోటు నుంచి ఆ పైఅంచు కింది బిందువు దాకా దూరాన్ని మ్యాప్‌లో కొలవండి. దూరం 300 మీటర్లు, కోణం 20 డిగ్రీలు అయితే ఎత్తు సుమారు 109 మీటర్లు. మూడు చోట్ల నుంచి కొలిచి సగటు తీయండి.

గుట్ట వాలు. మేం మొదటిసారి రాసిన ఫిర్యాదు వీగిపోయింది ఇక్కడే. గుట్ట మెట్లు మెట్లుగా ఉంటుంది. మేం ఒక మెట్టు వాలు కొలిచి 37 డిగ్రీలుందని రాశాం. ఒక్కో మెట్టు అలా నిటారుగా ఉండవచ్చు. షరతులోని 28 డిగ్రీలు అడుగు నుంచి పైఅంచు దాకా మొత్తం వాలుకు. అదే జవాబులో రాసి ఫైలు మూసేశారు.

సరైన పద్ధతి ఇది: 90 మీటర్ల ఎత్తు గుట్టకు అడుగు అంచు నుంచి పైఅంచు దాకా అడ్డంగా కనీసం 169 మీటర్లు ఉండాలి. మ్యాప్‌లో 120 మీటర్లే ఉంటే మొత్తం వాలు 37 డిగ్రీలకు దగ్గర. అప్పుడు మీ మాట నిలుస్తుంది.

మొక్కలు. నలభై మీటర్ల తాడు తీసుకుని పదేసి మీటర్లకు ముడి వేయండి. నాలుగు మూలలా కర్ర పాతి చదరం చేస్తే పది మీటర్ల ముక్క వస్తుంది. హెక్టారుకు 2,500 అంటే ఆ చదరంలో 25 మొక్కలు బతికి ఉండాలి. ఇలాంటి చదరాలు పది వేయండి, గుట్ట అడుగున, నడుమ, పైన. రోడ్డు పక్కన మాత్రమే వేస్తే అంకె బాగా వస్తుంది, ఎందుకంటే నీళ్ల ట్యాంకర్ అక్కడికి వెళ్తుంది.

మేం తాడు వేసిన ఒక చోట రిపోర్టు ప్రకారం 25 ఉండాలి. తొమ్మిది కానుగ మొక్కలు, రెండు తుమ్మలు నిలిచి ఉన్నాయి. మిగతా గుంతల్లో నల్లటి పాలిథిన్ సంచి అలాగే ఉంది, అందులో ఎండిన పుల్ల. సంచి చింపకుండా పాతిపెట్టారన్నమాట. ఆ ఫొటో ఒక్కటే ఎన్నో పేజీల పని చేసింది. కాబట్టి చచ్చిన మొక్కల గుంతలు కూడా లెక్కపెట్టండి, ఫొటోలో తేదీ, లొకేషన్ వచ్చేలా తీయండి.

నీళ్లు. మొదటి పెద్ద వానకు మర్నాడు వెళ్లండి. గార్లాండ్ కాలువ పూడిపోయి నీళ్లు పొలంలోకి వచ్చాయా, వాగులో బూడిదరంగు బురద కనిపిస్తోందా చూడండి. ఎండాకాలంలో చూసిన కాలువ ఏమీ చెప్పదు. బావి నీటి మట్టాన్ని మే, ఆగస్టు, నవంబర్, జనవరిలో ఒకే బావిలో, ఒకే ఒర అంచు నుంచి టేపుతో కొలిచి రాయండి. ఏడాది కొలతలు చేతిలో ఉంటే రిపోర్టులోని అంకెతో పోల్చవచ్చు.

బ్లాస్టింగ్. గోడలకు పగుళ్లొచ్చాయని మాత్రమే రాస్తే "ఇల్లు పాతది" అంటారు. తేదీ, టైమ్, ఎంతసేపు అదిరింది అనే డైరీ నెల రోజులు రాయండి. పగులు మీద పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కన తేదీ వేయండి. తర్వాత మీ ఇంటి దగ్గర కంపన మీటర్ పెట్టి కొలవమని అడగండి. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997 సర్క్యులర్ ప్రకారం, కంపెనీవి కాని ఇళ్ల దగ్గర కంపన వేగం, అదురు పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు అదిరింది) 8 హెర్ట్జ్ లోపు అయితే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 హెర్ట్జ్ మధ్య 10, 25 పైన అయితే 15 మించకూడదు.

## 7. దొరకని కాగితానికి ఆర్టీఐ

కేంద్ర కార్యాలయాలకు ఆన్‌లైన్‌లో 10 రూపాయలతో వేయవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు రుజువు ఉంటే ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రెండో అప్పీలు.

"గని వివరాలన్నీ ఇవ్వండి" అని రాయకండి. ఇలా రాయండి:

*"ఫలానా ఓపెన్‌కాస్ట్ గని ఎస్క్రో ఖాతాలో ఏ ఏడాది ఎంత జమ చేయాలి, ఎంత జమ అయింది, ఎంత విడుదలైంది అనే వివరాలు, విడుదలకు ఆధారమైన తనిఖీ నివేదిక నకలు, ఆమోదిత క్లోజర్ ప్లాన్‌లోని దశలవారీ పునరుద్ధరణ పట్టిక నకలు ఇవ్వగలరు."*

చాలామందికి తెలియని వీలు ఒకటుంది. చట్టంలోని సెక్షన్ 2(జె) ప్రకారం ఫైళ్లే కాదు, పనిని కూడా పరిశీలించే హక్కు ఉంది, నమూనా తీసుకునే హక్కూ ఉంది. ఫైలు పెద్దదైతే నకళ్లకు బదులు పరిశీలన అడగండి. కేంద్ర కార్యాలయాల్లో మొదటి గంట ఉచితం.

## 8. ఫిర్యాదు ఎవరికి

- ఈసీ షరతులు: హైదరాబాద్‌లోని కేంద్ర పర్యావరణ శాఖ సమీకృత ప్రాంతీయ కార్యాలయం.
- దుమ్ము, మురుగు నీరు, సమ్మతి షరతులు: కాలుష్య నియంత్రణ మండలి.
- క్లోజర్, ఎస్క్రో: కోల్ కంట్రోలర్ సంస్థ. కొత్తగూడెంలో దాని ఫీల్డ్ ఆఫీసు ఉంది.
- బ్లాస్టింగ్, గుట్ట జారే ప్రమాదం: గనుల భద్రతా డైరెక్టరేట్.
- గనికి ఇచ్చిన అటవీ భూమికి బదులు ప్రత్యామ్నాయ అడవి పెంపకం: జిల్లా అటవీ అధికారి.

కాపీ కలెక్టర్‌కు తప్పకుండా పంపండి.

ఒక్కో ఉత్తరంలో రెండు మూడు షరతులే ఉండాలి. ప్రతిదానికీ నాలుగు గళ్లలోని వరస: షరతు నంబర్, అది ఏమంది, గని రిపోర్టులో ఏమన్నారు, మేం ఏ తేదీన ఏం చూశాం. చివర్లో ఏం కావాలో ఒక్క వాక్యం: "మా సమక్షంలో సంయుక్త తనిఖీ జరిపి ఆ నివేదిక ఇవ్వండి." ఎవరినీ దొంగలని, లంచగొండులని రాయకండి. ఆ మాట ఉంటే జవాబంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

## 9. తరచూ జరిగే తప్పులు, సరిచేసుకునే దారి

పాత ఈసీతో పోల్చడం. విస్తరణ తర్వాత గుట్ట ఎత్తు, ఉత్పత్తి అంకెలు మారి ఉంటాయి. ఫిర్యాదు పంపే ముందు పరివేష్‌లో మళ్లీ ఒకసారి వెతకండి.

"అమలు చేస్తున్నాం" అన్న మాటను అలాగే వదిలేయడం. అర్ధ సంవత్సర రిపోర్టులో ప్రతి షరతు పక్కన ఈ మాట ఉంటుంది. నాలుగు రిపోర్టులు పక్కపక్కన పెట్టండి. రెండేళ్లుగా ఒకే ఫొటో, ఒకే మొక్కల సంఖ్య ఉంటే అదే మీ మొదటి ప్రశ్న.

ఒక్కరి పేరుతో నడపడం. అర్జీ పెట్టిన వాళ్లబ్బాయి గనిలో కాంట్రాక్టు పనిలో ఉంటే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఇది నిజమైన భయం, తీసిపారేయకండి. గ్రామసభ తీర్మానం చేయించి పంచాయతీ పేరుతో పంపండి. ఏజెన్సీ ఊళ్లలో గ్రామసభ మాటకు చట్టంలోనే బరువు ఎక్కువ.

గడువు దాటనివ్వడం. జవాబు కోసం ఏళ్లు ఎదురు చూడకండి. చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్‌కు వెళ్లాలంటే, పర్యావరణ వివాదానికి కారణం మొదట ఏర్పడిన నాటి నుంచి ఆరు నెలలు, నష్టపరిహారం, భూమి పునరుద్ధరణ కోరితే ఐదేళ్లు. కొత్త ఈసీ మీద అప్పీలుకు 30 రోజులే. తగిన కారణం చూపితే ఈ మూడింటికీ మరో 60 రోజుల దాకా ఇవ్వవచ్చు.

## 10. సంయుక్త తనిఖీ రోజున, ఆ తర్వాత

తనిఖీకి అధికారులు వస్తారని తెలియగానే గుట్ట మీద నీళ్ల ట్యాంకర్ తిరుగుతుంది, కొత్త మొక్కలు దిగుతాయి. ఆ ముందు వారం ఫొటోలు తప్పక తీసి ఉంచండి. ఆ రోజు వెంట తీసుకెళ్లాల్సినవి:

- ఈసీ, క్లోజర్ పట్టిక, గళ్ల పుస్తకం
- తాడు, టేపు, చార్జింగ్ ఉన్న ఫోన్
- పాత ఫొటోల ప్రింట్లు
- తెల్ల కాగితాలు, కార్బన్ పేపర్

అధికారి జీపు దిగిన చోటే చూపించి పంపకండి. మీరు గుర్తు పెట్టుకున్న చోట్లకు, వాళ్ల అనుమతితో, వాళ్ల వెంటే వెళ్లండి. చూసిన ప్రతి చోటు గురించీ అక్కడికక్కడే రెండు వాక్యాలు రాసి, వచ్చినవాళ్లందరి సంతకాలు అడగండి. ఎవరైనా సంతకం పెట్టనంటే "నిరాకరించారు" అని రాసి తేదీ వేయండి.

నివేదికలో గడువు ఇస్తే ఆ తేదీ పంచాయతీ గోడ మీద రాయించండి. గని విస్తరణ అడిగినప్పుడు పాత షరతుల అమలు మీద పర్యావరణ శాఖ ధృవీకరించిన నివేదిక అవసరమవుతుంది. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు, తెలుగులో సారాంశం ఇవ్వాలి. ఆ నోటీసు వచ్చిన రోజే గళ్ల పుస్తకం, సంతకాలున్న కాగితాలు జిరాక్స్ తీసి, సభలో రాతపూర్వకంగా ఇచ్చి, మినిట్స్‌లో ఎక్కించమని అడిగి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి.